పక్కగోడల సంగీతం

సింఫనీ హాల్లో మైకు ఉండదు. వేదిక మీద ఎనభై తొంభై మంది వాద్యకారులు, ఎదురుగా రెండు వేల మంది శ్రోతలు, మధ్యలో గాలి. స్పీకరు పెట్టెలు లేవు, మీటలు తిప్పి శబ్దాన్ని సరిచేసే మనిషీ లేడు. అయినా ఒక్క వయోలిన్ మీద కమాను తగిలీ తగలనట్టు లాగిన స్వరం చివరి వరుసలో కూర్చున్నవారికి చేరాలి. కాసేపటికి ట్రంపెట్లు, ట్రాంబోన్లు, భేరీలు అన్నీ ఒక్కసారిగా విరుచుకుపడినప్పుడు కూడా ఏ వాద్యం ఏదో చెవికి తెలుస్తూనే ఉండాలి. ఊరి గుడిలో హరికథ మొదలుకొని నగరంలో శాస్త్రీయ సంగీతం దాకా ప్రతిదీ మైకులోనే వినడం అలవాటైన మనకు ఇది ఒక పట్టాన నమ్మబుద్ధి కాదు.

అదే ఆర్కెస్ట్రాను మైదానంలో కూర్చోబెట్టి మైకు లేకుండా వాయించమంటే కొద్ది దూరానికే సంగీతం పలచబడిపోతుంది. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ ధ్వని తీవ్రత నాలుగో వంతుకు పడిపోతుంది. హాలులో అలా జరగకపోవడానికి కారణం గోడలు, పైకప్పు. వెనక వరుసకు చేరే ధ్వనిలో వాద్యం నుంచి నేరుగా వచ్చేది చిన్న వాటా. మిగిలినదంతా ఎక్కడో ఒకచోట తగిలి తిరిగి వచ్చినదే. కాబట్టి హాలు కట్టేవారు రెండు ప్రశ్నలకు జవాబు చెప్పుకోవాలి. తగిలిన ధ్వని గదిలో ఎంతసేపు నిలవాలి? అది శ్రోత చెవికి ఏ దిక్కు నుంచి రావాలి? మొదటి ప్రశ్నకు జవాబు 1898లోనే దొరికింది. రెండోది ఎంత ముఖ్యమో తెలిసిరావడానికి మరో డెబ్బై ఏళ్ళు, న్యూయార్క్‌లో ఒక పెద్ద వైఫల్యం కావలసి వచ్చాయి.

మొదటి కథ 1895లో, అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో మొదలైంది. అక్కడ కొత్తగా కట్టిన ఫాగ్ ఆర్ట్ మ్యూజియంలోని ఉపన్యాసశాలలో ఎవరు మాట్లాడినా ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. పలికిన మాట అయిదున్నర సెకన్ల పాటు గదిలో తిరుగుతూనే ఉండేది. ఆలోగా ఉపన్యాసకుడు మరో పది పదిహేను మాటలు పలికేస్తాడు, అవన్నీ ఒకదాని మీద ఒకటి పడతాయి. సామాను సర్దని కొత్త ఇంట్లో గొంతు గణగణమన్నట్టే, కాకపోతే చాలా పెద్ద మోతాదులో. దీన్ని బాగుచేసే పనిని విశ్వవిద్యాలయ అధ్యక్షుడు చార్లెస్ ఎలియట్ భౌతికశాస్త్ర విభాగంలోని 27 ఏళ్ళ అధ్యాపకుడు వాలెస్ సాబిన్‌కు అప్పగించాడు.

సాబిన్ దగ్గరున్న సరంజామా చాలా తక్కువ: ఒకే స్వరాన్ని నిలకడగా పలికే ఆర్గాన్ గొట్టం, కాలాన్ని నమోదు చేసే యంత్రం, తన రెండు చెవులు. గొట్టాన్ని మోగించి ఆపేసేవాడు. ఆ నాదం చెవికి పూర్తిగా అందకుండా పోయేదాకా ఎంతసేపు పట్టిందో రాసుకునేవాడు. పగలు వీధి చప్పుళ్ళు అడ్డమొచ్చేవి కాబట్టి అర్ధరాత్రి దాటాకే పని. దగ్గర్లోని సాండర్స్ థియేటర్ నుంచి సీట్ల మెత్తలు మోయించి తెచ్చి, కొన్ని కొన్నిగా గదిలో పరుస్తూ ప్రతిసారీ కొలిచేవాడు. తెల్లవారేలోపు మెత్తలన్నీ మళ్ళీ థియేటర్‌కు చేరిపోవాలి. మెత్తలు పెరిగేకొద్దీ నాదం త్వరగా అణగిపోయింది. గదినిండా పరిచేసరికి అయిదున్నర సెకన్లు కాస్తా ఒక సెకను పైచిలుకుకు దిగాయి.

మధ్యలో ఒకసారి కొలతల మధ్య పొంతన కుదరలేదు. కారణం వెతికితే తన ఒంటి మీది బట్టలే అని తేలింది. ఏ రాత్రి ఏ కోటు వేసుకున్నాడన్నదాన్ని బట్టి అది మింగే ధ్వని మారుతోంది! అప్పటికి పోగుచేసిన వేల కొలతల్ని సాబిన్ పక్కన పడేశాడు. అక్కడి నుంచి ప్రయోగం జరిగే ప్రతి రాత్రీ ఒకే రకం బట్టలు వేసుకున్నాడు. ఆయన మీద నాకు గౌరవం కలగడానికి ఈ ఒక్క సంగతి చాలు.

మూడేళ్ళ ఈ శ్రమకు ఫలితం ఒక చిన్న సూత్రం. నాదం ఆగాక దాని తీవ్రత పదిలక్షల వంతుకు, అంటే 60 డెసిబెల్‌లు, తగ్గడానికి పట్టే సమయాన్ని ప్రతినాద కాలం అంటారు. గది ఘనపరిమాణాన్ని ఘనపు మీటర్లలో తీసుకుని, గదిలోని వస్తువులన్నీ కలిసి చేసే శోషణతో భాగించి, 0.161తో గుణిస్తే ప్రతినాద కాలం సెకన్లలో వస్తుంది. శోషణకు సాబిన్ ఎంచుకున్న కొలమానం తెరిచిన కిటికీ. కిటికీలోంచి బయటికి పోయిన ధ్వని ఇక తిరిగిరాదు కాబట్టి, ఒక చదరపు మీటరు తెరిచిన కిటికీ ఒక ప్రమాణం. ఆ లెక్కన గోడకు పూసిన గచ్చు దాదాపు ఏమీ మింగదు. హాల్లో కూర్చున్న మనిషి మాత్రం అర చదరపు మీటరుకు కాస్త తక్కువ కిటికీతో సమానం. నిండిన హాల్లో ధ్వనిని ప్రధానంగా మింగేది మనుషులే అన్నమాట. సింఫనీ హాళ్ళ పైకప్పు అంత ఎత్తున ఉండడానికి కారణం కూడా ఇదే. ఒక్కో సీటుకు సుమారు 10 ఘనపు మీటర్ల గాలి ఉంటే తప్ప, శ్రోతలు మింగగా మిగిలిన నాదం రెండు సెకన్లు నిలవదు.

రెండు సెకన్లే ఎందుకు? మాట స్పష్టంగా వినబడాలంటే ప్రతినాద కాలం సెకను లోపు ఉండాలి. ఒపెరాలో మాటా పాటా రెండూ తెలియాలి కాబట్టి దాదాపు ఒకటిన్నర దాకా పోవచ్చు. పెద్ద చర్చిల్లో అది అయిదు సెకన్లు దాటిపోతుంది, అక్కడ నెమ్మదిగా సాగే ప్రార్థనాగీతమే నిలబడుతుంది. పందొమ్మిదో శతాబ్దపు సింఫనీలకు 1.8 నుంచి 2.2 సెకన్లు సరిపోతాయని అనుభవం తేల్చింది. బీతోవెన్ 1807లో రాసిన కొరియోలన్ ఓవర్చర్ మొదట్లో ఆర్కెస్ట్రా మొత్తం కలిసి ఒక్క దెబ్బలా స్వరసమూహాన్ని వాయించి ఠక్కున ఆగిపోతుంది. ఆ తర్వాతి నిశ్శబ్దంలో వినబడేది హాలు ఒక్కటే. పొడిగా ఉండే సినిమా హాల్లో అక్కడ ఖాళీ మిగులుతుంది. మంచి హాల్లో ఆ నాదం నెమ్మదిగా కరుగుతూ తర్వాతి దెబ్బ దాకా చేయిపట్టి నడిపిస్తుంది.

సూత్రం దొరికిన రోజుల్లోనే బోస్టన్ సింఫనీ ఆర్కెస్ట్రా స్థాపకుడు హెన్రీ లీ హిగిన్సన్ కొత్త హాలు కట్టించే ప్రయత్నంలో ఉన్నాడు. జర్మనీలోని లైప్‌జిగ్ నగరపు గేవాండ్‌హౌస్ హాలును ఆదర్శంగా పెట్టుకున్నారు, కానీ సీట్లు దానికన్నా చాలా ఎక్కువ కావాలి. అన్ని కొలతల్నీ అదే నిష్పత్తిలో పెంచితే ఘనపరిమాణం మితిమీరి ప్రతినాదం సాగిపోతుందని సాబిన్ లెక్కకట్టి చూపాడు. వెడల్పు కొద్దిగానే పెంచి, హాలును పొడుగు చేసి, రెండు బాల్కనీలతో సీట్లు సర్దారు. 1900 అక్టోబరు 15న తెరిచిన బోస్టన్ సింఫనీ హాల్ లెక్క ప్రకారం కట్టిన మొట్టమొదటి సంగీతశాల. సంగీతజ్ఞులు ఇప్పటికీ ప్రపంచంలోని అత్యుత్తమ హాళ్ళలో దాన్ని లెక్కిస్తారు.

దాంతో సమస్య తీరిపోయిందనే చాలామంది అనుకున్నారు.

1962 సెప్టెంబరులో న్యూయార్క్‌లోని లింకన్ సెంటర్‌లో ఫిల్‌హార్మానిక్ హాల్ ఆర్భాటంగా తెరుచుకుంది. దాని ధ్వని సలహాదారు లియో బెరానెక్. దేశదేశాల్లోని 54 హాళ్ళను పరిశీలించి పుస్తకం రాసిన నిపుణుడాయన. ఆయన మొదట అడిగింది 2,400 సీట్ల దీర్ఘచతురస్రపు హాలు. అన్ని సీట్లు చాలవని పత్రికల్లో గొడవ లేచింది. సీట్లు 2,600 దాటాయి. నిటారుగా సమాంతరంగా ఉండాల్సిన పక్కగోడలు వంపు తిరిగి దూరం జరిగాయి. డబ్బు సరిపోక, గోడల మీద ధ్వనిని చెదరగొట్టడానికి అనుకున్న ఎగుడుదిగుళ్ళను వదిలేశారు. పైన మాత్రం ధ్వనిని కిందికి మళ్ళించే పలకలు వరుసలు కట్టి వేలాడాయి. మొదటి వారం నుంచే విమర్శలు మొదలయ్యాయి. చెల్లోలు, డబుల్ బేస్‌ల మంద్రస్వరం పీలగా వినబడింది. పక్కనున్నవారు వాయించేది తమకే అందడం లేదని వాద్యకారులు మొత్తుకున్నారు. ప్రతినాద కాలం చూస్తే పెద్దగా తప్పిందీ లేదు.

ఏం జరిగిందో తేల్చడానికి బెల్ లేబొరేటరీస్ శాస్త్రవేత్తలు వచ్చారు: మాన్‌ఫ్రెడ్ ష్రోడర్, గెర్హార్డ్ సెస్లర్, జేమ్స్ వెస్ట్, వారితోపాటు కాన్పూర్‌లో పుట్టిన బిష్ణు అటల్. మొబైల్ ఫోన్లలో మాటను కుదించి పంపే పద్ధతికి తర్వాతి కాలంలో పునాది వేసినవారిలో ఈ అటల్ ఒకరు. ఏ సీటుకు ఏ పరావర్తనం ఎంత ఆలస్యంగా, ఎంత బలంగా చేరుతోందో వీళ్ళు కంప్యూటర్ సాయంతో విడదీసి చూశారు. అలా రెండు కారణాలు బయటపడ్డాయి. 100 హెర్ట్జ్ మంద్రస్వరపు తరంగదైర్ఘ్యం మూడున్నర మీటర్ల దాకా ఉంటుంది, దానికన్నా చిన్న పలక దానికి అడ్డమే కాదు. వేలాడదీసిన పలకలు హెచ్చు స్వరాల్ని కిందికి పంపి, మంద్రాన్ని పైకి వదిలేస్తున్నాయి. రెండో కారణం ఇంకా ఆశ్చర్యం. సీట్ల వరుసల మీదుగా నేలబారున వెళ్ళే ధ్వనిలో 100 నుంచి 300 హెర్ట్జ్ మధ్య భాగాన్ని ఆ వరుసల మధ్య సందులే హరించేస్తున్నాయి. ఇది ఏ హాల్లోనైనా జరిగేదే. కానీ మంచి హాల్లో ఆ లోటును గోడల నుంచి వెంటనే వచ్చిపడే ధ్వని పూడుస్తుంది. ఇక్కడ పూడ్చే గోడలు దగ్గర్లో లేవు.

ఆ హాలు కథ అరవై ఏళ్ళు సాగింది. పేరు రెండుసార్లు మారింది. 1976లో లోపలి భాగమంతా పీకేసి సిరిల్ హారిస్ పర్యవేక్షణలో మళ్ళీ కట్టారు, కొంత మెరుగైంది. 2022లో మరోసారి లోపలంతా తొలగించి, వేదికను శ్రోతల వైపు ముందుకు జరిపి, సీట్లను 2,200కు తగ్గించి, డేవిడ్ గెఫెన్ హాల్ పేరుతో తెరిచారు. ఈసారి ఎక్కువమంది సంతృప్తి చెందారు. మొదట బెరానెక్ అడిగినదానికన్నా కూడా ఇవి తక్కువ సీట్లు. టికెట్ల లెక్కకూ ధ్వని లెక్కకూ పోటీ వచ్చినప్పుడు ధ్వనినే వంచబోయిన పాలకవర్గాలకు అరవై ఏళ్ళ ఈ ఖర్చును చూపించాలి.

ఫిల్‌హార్మానిక్ హాల్ మీద విమర్శలు సాగుతున్న కాలంలోనే న్యూజిలాండ్‌కు చెందిన హెరాల్డ్ మార్షల్ 1967లో ఒక చిన్న గమనిక ప్రచురించాడు. పాత హాళ్ళన్నీ ఇరుకుగా, ఎత్తుగా ఉన్నాయి. కొత్త హాళ్ళు వెడల్పుగా, పొట్టిగా ఉన్నాయి. దీనివల్ల శ్రోత చెవికి మొదట చేరే పరావర్తనం మారిపోతోందన్నాడు. వియన్నా మ్యూజిక్‌ఫెరైన్ గోల్డెన్ హాల్‌ను తీసుకుని ఈ లెక్క మనమే వేసి చూడవచ్చు. 1870లో తెరిచిన ఆ హాలు పొడవు దాదాపు 49 మీటర్లు, వెడల్పు 19, ఎత్తు 18 మీటర్లకు కాస్త తక్కువ. వేదిక నుంచి 20 మీటర్ల దూరంలో, హాలు మధ్యలో కూర్చున్నామనుకుందాం. ధ్వని సెకనుకు 343 మీటర్లు ప్రయాణిస్తుంది కాబట్టి నేరుగా వచ్చేది 58 మిల్లీసెకన్లలో చేరుతుంది. పక్కగోడకు తగిలి వచ్చేది 27 మీటర్లకు పైగా ప్రయాణించి, దానికి 22 మిల్లీసెకన్లు వెనకగా వస్తుంది. పైకప్పుకు తగిలి వచ్చేదానికి దాదాపు 38 మీటర్ల దారి, 50 మిల్లీసెకన్ల ఆలస్యం. అంటే కుడి ఎడమ గోడలు ముందు పలుకుతాయి, కప్పు తర్వాత పలుకుతుంది. హాలును విసనకర్రలా వెడల్పు చేసి కప్పు దించితే ఈ వరుస తారుమారవుతుంది. మొదట కప్పు పలుకుతుంది, పక్కగోడల ధ్వని ఆలస్యంగా, బలహీనంగా వస్తుంది.

దీనివల్ల తేడా ఎందుకొస్తుందంటే మన చెవులు తలకు రెండు పక్కలా ఉన్నాయి కాబట్టి. పైనుంచి, ఎదుటి నుంచి వచ్చే ధ్వని రెండు చెవులకూ దాదాపు ఒకేలా చేరుతుంది. పక్క నుంచి వచ్చేది ఒక చెవికి ముందు, రెండో చెవికి వెనక, పైగా తల నీడ వల్ల కాస్త మారి చేరుతుంది. నేరు ధ్వని తర్వాత కొద్ది మిల్లీసెకన్లలో వచ్చిన పరావర్తనాన్ని మెదడు వేరే శబ్దంగా లెక్కించదు, అసలు శబ్దంతో కలిపేసుకుంటుంది. దిక్కును మాత్రం మొదట వచ్చినదాన్ని బట్టే నిర్ణయించుకుంటుంది. అలా కలుపుకున్న రెండు చెవుల సమాచారం వేరువేరుగా ఉన్నప్పుడు ఆర్కెస్ట్రా వేదికకు మించి విశాలమైనట్టు, మనం ఆ నాదం మధ్యలో కూర్చున్నట్టు అనిపిస్తుంది. రికార్డుల్లో ఎంత వెతికినా దొరకని అనుభూతి ఇదే. మార్షల్, మైకేల్ బారన్ కలిసి తర్వాత దీన్ని కొలిచే పద్ధతి కూడా ఏర్పరిచారు: తొలి 80 మిల్లీసెకన్లలో వచ్చే ధ్వనిలో పక్కల నుంచి వచ్చే వాటా ఎంత అని.

ఫిన్లండ్‌లోని ఆల్టో విశ్వవిద్యాలయంలో టాపియో లొక్కి, యూకా పాత్యునెన్ బృందం ఈ విషయాన్ని ఇంకో మెట్టు పైకి తీసుకెళ్ళింది. వీళ్ళు వాద్యకారుల స్థానంలో ముప్పైకి పైగా స్పీకర్లు అమర్చి, ప్రతి హాలుకూ అదే 'ఆర్కెస్ట్రా'ను మోసుకెళ్ళి కొలిచారు. అప్పుడు వాయించేవారి తేడా పోయి హాళ్ళ మధ్య తేడా ఒక్కటే మిగులుతుంది. 2014లో వెలువడిన వారి పరిశోధన తేల్చింది ఇది: వాద్యాన్ని బలంగా వాయించినప్పుడు శబ్దం పెరగడమే కాదు, అందులో హెచ్చు పౌనఃపున్యాల వాటా కూడా పెరుగుతుంది. పక్కల నుంచి వచ్చే హెచ్చు పౌనఃపున్యాలను మన తల, చెవి డొప్పల ఆకారం ఇంకా పెంచి అందిస్తుంది. అందుకే పక్కగోడలు బలంగా పలికే హాల్లో మెల్లని స్వరానికీ ఉద్ధృతమైన స్వరానికీ మధ్య అంతరం ఎక్కువగా వినబడుతుంది. రెండేళ్ళ తర్వాత ఇదే బృందం శ్రోతల చర్మపు విద్యుత్ వాహకతను కొలిచి, దీర్ఘచతురస్రపు హాళ్ళ ధ్వనికి శరీరం ఎక్కువగా స్పందిస్తోందని చూపింది. ఒళ్ళు పులకరించిందని మనం అనేదానికి ఒక కొలత దొరికిందన్నమాట.

ఇక్కడ ఒక అపోహ గురించి కూడా చెప్పాలి. వియన్నా హాలు నిండా బంగారు పూత, విగ్రహాలు, చెక్కడాలు. హాలు మాధుర్యమంతా చెక్క వల్లే అని చాలామంది నమ్మకం. వయోలిన్ చెక్కతో చేస్తారు కాబట్టి హాలూ అలాగే ఉండాలని ఊహ. నిజానికి పలచటి చెక్క పలకలు మంద్రస్వరానికి కంపించి దాన్ని మింగేస్తాయి. వియన్నాలో గోడల్లో అధికభాగం ఇటుక మీద మందపాటి గచ్చు. చెక్క వాడాలంటే బరువైన గోడకు ఖాళీ లేకుండా అంటించాలి. బంగారం ధ్వనికి ఏమీ చేయదు. విగ్రహాలు, గూళ్ళు, పైకప్పు అరలు మాత్రం చేస్తాయి. నునుపైన గోడ ధ్వనిని కరుగ్గా ఒకే దిక్కుకు తిప్పికొడుతుంది, ఎగుడుదిగుడు గోడ దాన్ని చెదరగొట్టి మెత్తబరుస్తుంది. అలంకారం కోసం చేసిన పని అనుకోకుండా ధ్వనికి మేలు చేసింది. ఇరవయ్యో శతాబ్దపు వాస్తుశిల్పం అలంకారాన్ని తీసేసినప్పుడు ఆ మేలు కూడా పోయింది.

వంపు గోడలది ఇంకో చిక్కు. లోపలికి వంగిన పుటాకార తలం ధ్వనిని ఒకచోట పోగుచేస్తుంది. విశాఖపట్నంలో పెరిగి చదువుకున్న సి.వి. రామన్ 1920ల మొదట్లో బీజాపూర్ గోల్ గుంబజ్, లండన్ సెయింట్ పాల్స్ గుమ్మటాల్లో గోడవెంట పాకే గుసగుసల గురించి ప్రయోగాలు చేసి వ్యాసాలు ప్రచురించారు. వింతగా చూడడానికి అది బాగుంటుంది, సంగీతానికి మాత్రం శత్రువు. 1871లో తెరిచిన లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్ గుమ్మటం వందేళ్ళ పాటు స్పష్టమైన ప్రతిధ్వనితో వేధించింది. చివరికి 1960ల ఆఖరున పుట్టగొడుగుల ఆకారంలో ఫైబర్‌గ్లాస్ బిళ్ళలు వేలాడదీశాకే అది అదుపులోకి వచ్చింది.

మరి ఇరుకైన పెట్టెలాంటి హాలే ఉత్తమమైతే కొత్తవాళ్ళు దాన్నే ఎందుకు కట్టరు? బెర్లిన్‌లో హన్స్ షారౌన్ వేసిన ప్రశ్న వేరు. వీధిలో ఎవరైనా పాడితే జనం చుట్టూ గుమిగూడతారు, మరి హాల్లో మాత్రం అందరూ ఒకే వైపు కూర్చోవడమేమిటి అన్నాడు. 1963 అక్టోబరులో తెరిచిన బెర్లిన్ ఫిల్‌హార్మోనీలో ఆర్కెస్ట్రా దాదాపు మధ్యలో ఉంటుంది, శ్రోతలు చుట్టూ మెట్లు మెట్లుగా కూర్చుంటారు. కొండవాలు మీది ద్రాక్షతోటలా ఉంటుంది కాబట్టి ఈ పద్ధతికి ఆ పేరే స్థిరపడింది. ధ్వని పండితుడు లోథర్ క్రేమర్‌కు మొదట్లో ఈ ఆలోచన మీద సందేహాలు ఉన్నా, ఒప్పుకుని పనిచేశాడు. పక్కగోడలు దూరమైపోయాయి కాబట్టి, ఒక్కో సీట్ల సమూహానికీ మెట్టుకూ మెట్టుకూ మధ్య ఉన్న చిన్న గోడలనే పక్కగోడలుగా వాడుకున్నాడు. డేరాలా కిందికి ఉబ్బిన కుంభాకారపు కప్పు ధ్వనిని పోగుచేయకుండా పంచుతుంది. మార్షల్ గమనికకు నాలుగేళ్ళ ముందే, పక్కగోడ పోతే దాని పని ఇంకెవరో చేయాలని ఆయనకు స్ఫురించింది.

ఈ పద్ధతికి ఇప్పటి శిఖరం హాంబర్గ్‌లోని ఎల్బ్‌ఫిల్‌హార్మోనీ. కోకో, తేయాకు, పొగాకు నిల్వచేసిన పాత ఇటుక గోదాము నెత్తిన అద్దాల భవనం, అందులో 2,100 సీట్ల హాలు. వాస్తుశిల్పులు స్విట్జర్లండ్‌కు చెందిన హెర్జోగ్, ద మ్యూరాన్. ధ్వని రూపకర్త జపాన్‌కు చెందిన యసుహిసా టొయోటా, టోక్యో సంటోరీ హాల్, లాస్ ఏంజెలెస్ డిస్నీ హాల్ ధ్వని పనిలో పాలుపంచుకున్నవాడు. 2010లో పూర్తి కావలసింది, 2017 జనవరి 11న తెరిచారు. ఖర్చు 86 కోట్ల యూరోలు దాటింది. నగర ప్రజలు ఏళ్ళ తరబడి తిట్టుకున్నారు, తెరిచాక టికెట్ల కోసం ఎగబడ్డారు.

ఎల్బ్ నది ఒడ్డున, ఓడల హారన్ల మధ్య కచేరీ హాలు కట్టడమంటే ముందుగా నిశ్శబ్దాన్ని తయారుచేయాలి. 12,500 టన్నుల ఈ హాలు మిగతా భవనానికి నేరుగా ఆనదు. 362 భారీ స్ప్రింగు కట్టల మీద, గదిలో గదిలా నిలబడి ఉంటుంది. ఏసీ గాలి కూడా చప్పుడు కాకూడదు కాబట్టి ఇలాంటి హాళ్ళలో సీట్ల కింద నుంచి ఊపిరంత నెమ్మదిగా వదులుతారు. ఇక గోడలు, కప్పు. సుమారు 10,000 జిప్సం ఫైబర్ పలకలు, దేని ఆకారం దానిదే. వాటి మీద యంత్రంతో తొలిచిన గవ్వల్లాంటి గుంటలు దాదాపు పది లక్షలు. ధ్వనిని చెదరగొట్టడం అవసరమైన చోట లోతుగా, అక్కర్లేని చోట పైపైన, ఎక్కడ ఎంత లోతో కంప్యూటర్ లెక్కకట్టింది. వియన్నాలో శిల్పులు తెలియక చేసిన మేలును ఇక్కడ తెలిసి చేశారు. పలకల బరువు వల్ల మంద్రస్వరం వాటిని కదిలించలేదు, చెక్కుచెదరకుండా తిరిగి వస్తుంది.

కట్టేముందు ఇలాంటి హాళ్ళకు పదో వంతు కొలతలో నమూనా కడతారు. నమూనా పది రెట్లు చిన్నదైతే శబ్దపు పౌనఃపున్యం పది రెట్లు పెరగాలి, అంటే మనుషులకు వినపడని హెచ్చు స్వరాలతో కొలవాలి. వాటిని మామూలు గాలి మింగేస్తుంది కాబట్టి నమూనాను నైట్రోజన్‌తో నింపుతారు. సీట్లలో శ్రోతలకు బదులు చిన్న చిన్న బొమ్మలు.

ఇంత చేసినా జ్యామితి ఒకచోట ఎదురు తిరిగింది. 2019 జనవరిలో ప్రసిద్ధ గాయకుడు యోనాస్ కౌఫ్‌మన్ అక్కడ స్వరకర్త మాలర్ గీతాలు పాడుతుండగా, ఏమీ వినబడడం లేదని శ్రోతల్లో కొందరు కేకలు వేశారు, కొందరు లేచి వేరే సీట్లు వెతుక్కున్నారు. వచ్చేసారి ఇదే నగరంలోని పాత హాలు లైస్‌హాలేలో పాడతానని ఆయన అన్నాడు. తప్పు పలకలది కాదు, గొంతుది కూడా కాదు. ఒపెరా గాయకులు ఆర్కెస్ట్రాను దాటి వినబడడానికి కారణం వారి గొంతులో 3,000 హెర్ట్జ్ దగ్గర పోగయ్యే శక్తి. ఆ ప్రాంతంలో ఆర్కెస్ట్రా బలం తక్కువ. కానీ అంత హెచ్చు పౌనఃపున్యాలు నోటి నుంచి ముందుకే దూసుకుపోతాయి, వెనక్కి తిరగవు. గాయకుడి వీపు వైపు కూర్చున్నవారికి చేరేది గొంతులోని మంద్రభాగం, దాన్ని ఆర్కెస్ట్రా పూర్తిగా కప్పేస్తుంది. వయోలిన్లకూ భేరీలకూ ఈ ఇబ్బంది ఇంత లేదు. చుట్టూ కూర్చునే హాలు వాద్యాలకు న్యాయం చేయగలదు, గాయకులకు చేయలేదు. పెట్టె హాలుకే నా మొగ్గు ఉన్నా, ఆర్కెస్ట్రాను నడిపించే కండక్టర్ ముఖంలో భావాల్ని ఎదురుగా చూస్తూ వినే అవకాశాన్ని ద్రాక్షతోట తప్ప ఇంకేదీ ఇవ్వదని ఒప్పుకుంటాను.

మన దేశంలో ఈ విద్యకు మంచి ఉదాహరణ ముంబైలోని ప్రదర్శన కళల జాతీయ కేంద్రం (ఎన్‌సీపీఏ)లో ఉన్న టాటా థియేటర్. 1980లో తెరిచారు, వాస్తుశిల్పి ఫిలిప్ జాన్సన్, ధ్వని నిపుణుడు న్యూయార్క్ హాలును 1976లో మార్చిన ఆ సిరిల్ హారిసే. భారతీయ సంగీతం మైకు లేకుండా వినబడాలన్న ఆశయంతో సుమారు వెయ్యి సీట్లకే పరిమితం చేశారు. అది సరైన పరిమితి. రెండు సెకన్ల ప్రతినాదం మన సంగీతానికి పనికిరాదు. త్యాగరాజ కృతిలో సంగతి మీద సంగతి వేస్తున్నప్పుడు, తని ఆవర్తనంలో మృదంగం దెబ్బలు చిక్కబడినప్పుడు ఒకదాని తోక ఇంకోదాని తల మీద పడుతుంది. పైగా తంబూరా శ్రుతి ఎడతెగకుండా మోగుతూ ఉంటుంది, స్వరాల మధ్య ఖాళీని నింపే పని హాలుకు మిగలదు. మన కచేరీకి కావలసింది సెకనుకు కాస్త అటూ ఇటూగా ప్రతినాదం, దగ్గర్లో గట్టి పక్కగోడలు, ఏసీ మోత లేని నిశ్శబ్దం. అయిదారు వందల మందికి అలాంటి శాల కట్టడానికి ఎల్బ్ నది ఒడ్డున పోసినంత డబ్బు అక్కర్లేదు. ఇప్పుడు మన ఊళ్ళలో కడుతున్న ఆడిటోరియాల్లో నునుపు గోడలు కట్టి, ప్రతిధ్వనిని చంపడానికి వాటి మీద మెత్తటి పలకలు అంటించి, అలా మింగేసినదాన్ని మళ్ళీ మైకుతో పూడుస్తున్నారు.

అమెరికాలో, ఐరోపాలో ఉంటున్న తెలుగువారికి ఈ హాళ్ళు ఒక రైలు ప్రయాణం దూరంలోనే ఉన్నాయి. వెళ్ళేవారికి టికెట్ కొనేముందు పనికొచ్చే సంగతులు కొన్ని. ఆర్కెస్ట్రా వెనక సీట్లు చవగ్గా దొరుకుతాయి, అక్కడి నుంచి కండక్టర్ బాగా కనిపిస్తాడు, గాయకులు లేని రోజైతే నిశ్చింతగా తీసుకోవచ్చు. బోస్టన్, వియన్నా లాంటి పెట్టె హాళ్ళలో మరీ ముందు వరుసల కన్నా హాలు మధ్యభాగం మేలు, మొదటి వరుసల్లో వేదిక అంచు అడ్డమై వెనక వాద్యాలు సరిగా అందవు. బాల్కనీ కింద లోతుగా ఉన్న చివరి వరుసలకు పైనున్న శ్లాబు అడ్డం కాబట్టి హాలు నాదం అక్కడికి చేరదు. అదే ధరకు పై బాల్కనీలో ముందు వరుస దొరికితే అది తీసుకోండి.